భీమునిపట్టణములో రెండు రాత్రులు

మన యిండ్లలో స్త్రీలు ప్రయాణములు చేయరని యెవ్వరనగలరు? పెండ్లికి పోవుదుము, పురుటికి పోవుదుము, మ్రొక్కు తీర్చుకొనుటకు సింహాచలమో, అన్నవరమో, తిరుపతియో పోవుదుము, ఆసుపత్రికై విశాఖపట్టణము పోవుదుము. ఇవి యన్నియు నేదో యొక పని పడి చేయు ప్రయాణములే. ఒక యూరిని చూడవలెనను కోరికతో మాత్రమే, భార్యాభర్తలిరువురే, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకొని బయలుదేరుట మన మధ్యతరగతి కుటుంబములలో నేటికిని అరుదుగనే యున్నది. ఐరోపాఖండమున చలికాలము వచ్చినచో దంపతులు రెండు మూడు దినములు తీరిక చేసికొని, ఏదేని పురాతన నగరమునకు పోయి, వీథులు తిరిగి, పాతకట్టడములు చూచి వచ్చుట వాడుక. అది మనకును తగిన వాడుకయే యని చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము పోయినది మాత్రము ఐరోపాకు కాదు. ఐరోపావారు మన తీరమున వచ్చి కాపురముండిన యొక పట్టణమునకు.

మాది చోడవరము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదే. 2022లో జిల్లాలు విభజించినపుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. స్వయంభువైన విఘ్నేశ్వరుడు మా యూరి దైవము. చెఱకు మా చుట్టుప్రక్కల యూళ్ల పైరు. మార్గశిర పుష్యమాసములలో మా ప్రాంతమునకు వచ్చినవారికి ముందుగా తగులునది బెల్లము వండు వాసన. పెనములలో పానకము తెర్లుచుండగా ఆ పొగ, ఉదయపు మంచు కలసి పొలములమీద వ్రాలియుండును. చెఱకు నఱుకు దినములలో రైతు యింటి యిల్లాలికి ఊపిరి సలుపదు. అట్టి దినములలో మేము మూడు దినములు ఇల్లు విడిచి పోయితిమనగా బంధువు లాశ్చర్యపడిరి. "ఏమి మ్రొక్కు?" అని కొందఱు, "ఎవరికైన ఒంట్లో బాగులేదా?" అని కొందఱు అడిగిరి. "ఊరు చూచుటకు" అన్నచో నమ్మినవారు తక్కువ.

కారణము లేకపోలేదు. మా యొక్కగానొక్క కుమార్తె, భర్తతో గూడ, హాలండు దేశమున ఐండ్‌హోవెన్ అను పట్టణమున ఉద్యోగము చేయుచున్నది. చలికాలమున మాకును ఆ దేశమునకును నాలుగున్నర గంటల భేదము. మేము మధ్యాహ్నము భోజనము చేసి నడుము వాల్చు వేళకు వారి కింకను తెల్లవాఱదు. డిసెంబరు నెలలో అక్కడ సూర్యుడు దాదాపు తొమ్మిదింటికి పొడమి, నాలుగున్నరకే క్రుంకును. ఒక ఆదివారము అమ్మాయియు అల్లుడును ఆమ్‌స్టర్‌డాము నగరమునకు పోయి వచ్చి, అక్కడి సంగతులు ఫోనులో చెప్పిరి. కాలువల కిరువైపుల భుజము భుజము రాచుకొని నిలిచిన సన్నని పొడుగాటి ఇండ్లు; ప్రతి యింటి నెత్తిమీద ఒక దూలము, దానికొక కొక్కెము; మెట్లు ఇరుకగుటచే సామానంతయు త్రాటితో పైకి లాగి కిటికీలగుండ లోపలికి చేర్చెదరట. ఊరంతయు బురదనేలమీద నున్నందున ఇండ్లకు పునాదులుగా మ్రాకులు దిగగొట్టిరట. అక్కడి రాజభవనమొక్కదానిక్రింద 13,659 మ్రాకులున్నవని ఆ దేశపు పిల్లలు బడిలో నేర్తురట.

అన్నియు చెప్పి తుదకు అమ్మాయి, "అమ్మా, ఇక్కడి మ్యూజియములో మన తీరమున అద్దిన పూలగుడ్డ లున్నవి. వీటిని కొన్నవారి గోరీలు మన భీమిలిలో నున్నవి. మీరు నూఱు కిలోమీటర్ల దూరమైన లేరు. ఒక్కసారి చూచి రారాదా?" అన్నది. మే మింతకుముందు భీమిలిమీదుగ రెండుసారులు పెండ్లిబస్సులో పోయితిమి. దిగి చూచినది లేదు.

ఇంకొక సంగతియు కలదు. మా వీథి చివర అమ్మాయి పేరిట ఆరు సెంట్ల స్థల మున్నది. మాఘమాసమున శంకుస్థాపన చేసి ఆమెకొక ఇల్లు కట్టవలెనని మా తలంపు. మేస్త్రీ బయానా అడుగుచున్నాడు. అమ్మాయిని అడుగగా "మీ యిష్టము" అన్నది. పిల్లలు "వద్దు" అన్నచో తల్లిదండ్రులకు తెలియును. "సరే" అన్నచో తెలియును. "మీ యిష్టము" అన్న మాటకే అర్థము తెలియదు. సంక్రాంతిలోపల మేస్త్రీకి ఏదో యొక మాట చెప్పవలసి యుండెను. ఇంటిలో కూర్చుండి ఆలోచించిన యెడల ఆ మాటలే మరల మరల వచ్చుచుండుటచే, ఊరు మాఱి ఆలోచింపవచ్చునని బయలుదేరితిమి.

చోడవరమునుండి వెంకన్నపాలెము, సబ్బవరము, పెందుర్తి మీదుగా విశాఖపట్టణము చేరితిమి. అచ్చటనుండి భీమునిపట్టణమునకు రెండు త్రోవలు కలవు. ఆనందపురము, తగరపువలసల మీదుగా పోవునది లోపలి త్రోవ. సముద్రపు టొడ్డున పోవునది రెండవది. ఇంచుమించు 30 కిలోమీటర్లు. మేము రెండవ త్రోవను పోయితిమి. ఎడమచేతి ప్రక్క కొండలు, కుడిచేతి ప్రక్క సముద్రము. ఋషికొండ దాటిన పిమ్మట తొట్లకొండ వచ్చును. రాతిలో తొలిచిన నీటితొట్ల వలన ఆ కొండకు ఆ పేరు కలిగినది. సుమారు రెండువేల యేండ్లకు పూర్వము బౌద్ధభిక్షువు లక్కడ విహారములు కట్టుకొని, వానకాలపు మూడు నెలలు అందు నివసించుచుండిరి. ఓడలలో దూరదేశములకు పోవువారు వారికి దానములు చేసి ఆశీస్సు లందుకొని పోయెడివారట. అనగా ఈ తీరమునుండి పిల్లలు సముద్రము దాటుట నేడు పుట్టిన వింత కాదు.

మఱికొంత దూరము పోగా ఎఱ్ఱమట్టి దిబ్బలు కానవచ్చును. గాలియు, నీరును, వేలకొలది యేండ్లును కలసి చేసిన దిబ్బలివి. నడుమ నడుమ వాననీరు కోసిన లోతైన సందులు. లోపలికి దిగి నిలిచినచో ఇరువైపుల కుంకుమవన్నె గోడలు లేచి సముద్రము వినబడుట మానును. భారత భూవిజ్ఞాన సర్వేక్షణసంస్థవారు 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగ గుర్తించిరి. 2025లో ఇది ప్రపంచ వారసత్వ స్థలములకై యుంచిన తాత్కాలిక జాబితాలో చేరినది. ఇంత విలువగల మట్టిని బండ్లకెత్తి తరలించుకొనిపోవుట న్యాయము కాదు. చూడవచ్చినవారును దిబ్బ లెక్కి దొరలకుండుట మంచిది. ఒక్క కాలిజాడ పడినచోట వాననీరు తెరువు చేసికొనును.

సాయంకాలమునకు భీమునిపట్టణము చేరి, సముద్రమునకు ఎదురుగ నున్న యొక లాడ్జిలో గది తీసికొంటిమి. మే మిరువురమే యొక గదిలో, వంట పని లేక, ఎవ్వరి రాకకును ఎదురు చూడక కూర్చుండుట మాకే క్రొత్తగ నుండెను. ఇంటినుండి తెచ్చిన మాడుగుల హల్వాయు, జంతికలును తినుచు చీకటి పడువఱకు అలలను చూచితిమి. చలిగాలి కొట్టగా శాలువ కప్పుకొంటిమి. మా ప్రాంతపు చలి యింతే. హాలండులో నీరు గడ్డకట్టు చలియట. అమ్మాయి ఆ చలిలో సైకిలుమీద ఉద్యోగమునకు పోవునని తలచుకొని కొంతసేపు మాటలాడక యుంటిమి.

భీముడు బకాసురుని చంపి ఇచ్చట నరసింహస్వామిని ప్రతిష్ఠించెననియు, అందుచే ఈ యూరికి భీమునిపట్టణమని పేరు వచ్చెననియు స్థలపురాణము. నరసింహస్వామి ఆలయమున్న కొండను పావురాళ్లకొండ యందురు. తెల్లవాఱుజామున లేచి ఆ కొండ నెక్కితిమి. దీనిమీదను బౌద్ధవిహారముల శిథిలములు, రాతి తొట్లు కలవు. పైనుండి చూచినచో ఊరి స్వరూపమంతయు నొక్కసారిగ తెలియును. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహలలో దూరి, విజయనగరపు పొలములు తడిపి వచ్చిన గోస్తనీనది ఇచ్చట నెమ్మదిగ సముద్రములో కలియును. ఆ నదీముఖము చూచిన పిమ్మట పరదేశీయులు ఓడలను ఇచ్చటనే యేల ఆపిరో ఒకరు చెప్పనక్కఱలేదు. చలికాలమున సూర్యుడు సరిగా సముద్రమునుండియే లేచును. ఆ యుదయము చూచుటకైన ఒక్కసారి యా కొండ యెక్కవలెను.

దిగి వచ్చి ఊరు చూచితిమి. ఒకచో గంటస్తంభము, ఒకచో పాతకాలపు దీపస్తంభము, ఒకచో 19వ శతాబ్దిలో కట్టిన సెయింటు పీటరు చర్చి. రంగుటద్దముల కిటికీలగుండ పడు వెలుగు దాని లోపల చల్లగ నుండును. వీథులలో ఎత్తైన అరుగులు, లావుపాటి గోడలు, పెద్ద గుమ్మములు గల పాతయిండ్లు కొన్ని యింకను నిలిచియున్నవి. కొన్నింటి కప్పులు కూలి, గోడలలోనుండి రావిచెట్లు మొలిచినవి. ఈ యూరికి 1861లోనే పురపాలకసంఘ మేర్పడినది. మనదేశమున మొట్టమొదట నేర్పడిన వానిలో ఇది యొకటి. ఆ దినములలో ఇది పెద్ద రేవు. ఇచ్చటనుండి నూనెగింజలు, కరక్కాయలు, నీలిమందు, గోగునార ఓడలకెక్కెడివి. గోగునారకు ఇంగ్లీషువారు "బిమ్లి జనుము" అనుచు ఈ యూరిపేరే పెట్టిరి. గోగు మన వంటింటి గోంగూర జాతిదే. మనము ఆకు పప్పులో వేసికొనుచుండగా దాని నారతో లోకమునకు గోనెసంచు లయినవి. దగ్గఱనున్న చిట్టివలసలో నారమిల్లు పెక్కేండ్లు నడచి పిమ్మట మూతపడినది.

ఇంక హాలండువారి సంగతి. వారి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడినది. 1605లో మచిలీపట్టణమున వ్యాపారకేంద్రము స్థాపించిరి. పిమ్మట నిజాంపట్టణము, పులికాటు, పాలకొల్లు, ద్రాక్షారామము, కాకినాడ జగన్నాథపురము, భీమునిపట్టణము మొదలగు తావుల విస్తరించిరి. వారికి మనవద్ద కావలసినది బంగారము కాదు, గుడ్డ. జావా, మొలక్కా దీవులలోని జనులు మిరియములు, లవంగములు, జాజికాయలు అమ్మి ఆంధ్రదేశపు గుడ్డలే కావలెననిరి. అందుచే కంపెనీవారు మన గుడ్డ కొని, ఆ దీవులలో దానినిచ్చి సుగంధద్రవ్యములు కొని, వానిని ఐరోపాలో అమ్మి లాభములు గడించిరి. అమ్మాయి చెప్పిన ఆ సన్నని యిండ్లు, నెత్తిమీది కొక్కెములు, గిడ్డంగులు, అన్నియు ఇట్టి వ్యాపారముతో పెరిగినవి. ఆమ్‌స్టర్‌డామున నాటి కంపెనీ భవనము నేటికిని నిలిచియున్నది. విశ్వవిద్యాలయమువారు దానిని వాడుకొనుచున్నారు.

సోదరీమణులు పోపులపెట్టె తెఱచి చూతురు గాక. అందున్న లవంగమునకును జాజికాయకును మన నేతగాని మగ్గముతో ఇంత సంబంధము కలదని ఎవ్వరు తలతురు? ఆ మగ్గము వెనుక స్త్రీ యున్నది. ప్రత్తి ఏకి, నూలు వడికి, పడుగు పోసినది ఆమెయే. ఎఱ్ఱరంగునకు చిరివేరు త్రవ్వి తెచ్చెడివారు. కరక్కాయ నీటిలో ముంచి, పాలలో నానవైచి, కలముతో పూలు వ్రాసెడివారు. ఎన్ని ఉదుకులైనను ఆ యెఱుపు వెలియదు. మనము చీటిగుడ్డ యనుదానిని హాలండువారు "సిట్స్" అందురు. అక్కడ హిండెలోపెన్ అను నొక చిన్నయూరి స్త్రీలు తమ పండుగదుస్తులను ఈ గుడ్డతోనే కుట్టించుకొని, దానిని తమ సొంత సంప్రదాయముగ చేసికొనిరి. నేటికిని పెడన, మచిలీపట్టణములలో ఈ అద్దకము నడచుచున్నది. 2013లో దానికి భౌగోళికసూచిక యను గుర్తింపు కలిగినది. కృష్ణాతీరపు చేతిపని యొకటి పరదేశపు యిల్లాలికి పుట్టినింటి సొమ్మువలె నగుట చిన్న సంగతి కాదు.

కాని లాభమున్నచోట పాపమును కలదు. జాజికాయలు పండు బందాదీవులను చేజిక్కించుకొనుటకు ఆ కంపెనీవారు 1621లో అచ్చటి జనులను ఊచకోత కోసిరి. మన తీరమున కఱవులు వచ్చినపుడు, తిండి లేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని కొని, బటేవియాకును సింహళమునకును బానిసలుగ ఓడలలో పంపిరి. ఆ ఓడ లెక్కిన మన తల్లుల పేర్లు ఏ రాతిమీదను లేవు. గోరీలు చూడబోవుటకు ముందు దీనిని గూడ తలచుకొనుట ధర్మమని మాకు తోచినది.

గోరీలు సముద్రమునకు దగ్గఱనే యున్నవి. గేటు తెఱచి లోపలికి పోయితిమి. మన శ్మశానములవలె గాక, ఇది గోపురముల తోటవలె నుండెను. ఇటుకతోను సున్నముతోను కట్టిన కూచి గోపురములు కొన్ని మనిషి యెత్తునకు మించి నిలిచియున్నవి. కొన్ని నేలబారుగ నున్నవి. పెక్కింటి గచ్చు రాలి ఇటుక లగపడుచున్నవి. రాతిపలకలమీది అక్షరములు ఉప్పుగాలికి అరిగిపోయినవి. ఒక పలకమీద వ్రేళ్లతో తడిమి చూచితిమి. లోతుగ చెక్కిన యొక సంవత్సరపు అంకెలో రెండు మాత్రము చేతికి తగిలినవి. నడుమ గడ్డి పెరిగినది. ఒక మేక మేయుచున్నది.

ఆ దినములలో హాలండునుండి బటేవియా చేరుటకు ఇంచుమించు ఎనిమిది నెలలు పట్టెడిది. ఇంటికి వ్రాసిన జాబునకు మఱుజాబు వచ్చునప్పటికి ఏడాది దాటును. తల్లి చనిపోయిన వార్త కొడుకునకు చేరునప్పటికి ఆమె సాంవత్సరికము గూడ గడచిపోవును. ఆ కంపెనీ యున్న కాలమంతటను ఆసియాకు ఓడలెక్కినవారు ఇంచుమించు పదిలక్షలమంది. తిరిగి యిల్లు చేరినవారు అందు సగమునకంటె ఎంతయో తక్కువ. ఐరోపానుండి స్త్రీలు వచ్చుట మిక్కిలి అరుదు. అందుచే కంపెనీ యుద్యోగులు పెక్కురు ఈ తీరమున పుట్టిన స్త్రీలనే పెండ్లాడిరి. వారి బిడ్డలు ఏ భాషలో ఏడ్చిరో, ఏ పాట విని నిద్రపోయిరో! తల్లి పాడిన లాలి ఈ దేశపు లాలియే యయి యుండును.

1754లో మరాఠా గుఱ్ఱపుదండు వచ్చి ఈ హాలండువారి కేంద్రమును దోచుకొన్నది. 1799లో కంపెనీయే దివాలా తీసి అంతరించినది. 1825లో హాలండువారు ఈ యూరిని ఇంగ్లీషువారి కప్పగించిరి. రెండువందల యేండ్లనాటి అధికారములో నేడు మిగిలినది ఈ కొన్ని గోరీలే.

మేము వంగి వంగి చూచుచుండగా, గోడప్రక్కనుండి చేపలగంప చంకనిడుకొని పోవుచున్న యొక పెద్దామె నిలిచి, "ఏటమ్మా, అలా సూస్తన్నారు? మీవోలెవులైనా ఉన్నారేటి ఇందల?" అని అడిగినది. లేరనియు, చూడవచ్చితిమనియు చెప్పితిమి. ఆమె గంప దింపి, ఒక్క నిమిషము గోరీలవైపు చూచి, "ఈలు అదృష్టవంతులమ్మా. ఎక్కడో పుట్టినా ఇక్కడ రాయి ఉండిపోనాది. మా ఆయన ఏటకెళ్లి తిరిగి రానేదు. నానెక్కడ పువ్వెట్టాలి? సముద్రం కాడే ఎడతాను" అన్నది. పిమ్మట, "ఏ అమ్మ కన్నబిడ్డలో!" అని ఆ గోరీలకే యొక నమస్కారము చేసి, గంప యెత్తుకొని పోయినది. ఆమెకు ఆ సమాధులలోనివారు దొరలు కారు, వ్యాపారులు కారు. తల్లికి దూరమైన బిడ్డలు. మేము చదివిన చరిత్రలో లేని మాట ఆమె చెప్పినది.

ఆ రాత్రి మేమిరువురము గది ముందు కుర్చీలు వేసికొని చాలసేపు మాటలాడితిమి. ఇంటిలో నైనచో మాట మధ్య పాలవాడో, కూలివాడో, ఫోనో వచ్చును. ఇచ్చట అలలు తప్ప మఱేమియు లేవు. స్థలము సంగతి యెత్తితిమి. ఆ యిల్లు ఎవ్వరికొఱకు? అమ్మాయి వచ్చి యుండునని నమ్మియా, లేక ఆమె రాదను భయముతో కట్టి ముడివేయవలెననియా? ఇటుకగోడ మనుష్యులను కట్టివేయునా? ఆమ్‌స్టర్‌డామున పెద్ద పెద్ద యిండ్లు కట్టించినవారి కొడుకులే ఇచ్చట ఇసుకలో పండుకొన్నారు కదా! ఇల్లు వారిని వెనుకకు పిలువలేకపోయినది. మనవద్ద నైనను బీగములు వేసి, పనిమనిషికి జీతమిచ్చి తుడిపించుచున్న పిల్లల మేడలు ఊరూరను ఎన్ని లేవు?

ఒకరు "ఇంత సంపాదించి, బిడ్డకొక గూడైన లేకుండ పోవుటయా?" అన్నారు. రెండవవారు "గూడు ఉన్నది, మనమున్న యిల్లే. దాని గుమ్మము ఆమెకు తెలియును" అన్నారు. ఎవ్వరేమన్నారో ఇచ్చట వ్రాయుట ముఖ్యము కాదు. మాటలు ముగియునప్పటికి ఇరువుర తలంపును ఒకటే యైనది. మాఘములో శంకుస్థాపన లేదు. స్థలము ఆమె పేరిటనే యుండును. దానిలో ఇల్లు కట్టుటయో, మానుటయో ఆమె నిశ్చయించుకొనును. కూడబెట్టిన సొమ్ములో కొంత మా ముసలితనమునకును, కొంత మేమే యొకసారి పోయి ఆమె కాపురము చూచి వచ్చుటకును ఉంచుకొంటిమి. వెంటనే ఫోనుచేసి చెప్పితిమి. అక్కడ సాయంకాలమగుచున్నది. అమ్మాయి కొంతసే పేమియు పలుకలేదు. పిమ్మట, "వేసవిలో నెలరోజులు సెలవు పెట్టితిని, వత్తుము. నన్ను ఆ గోరీల దగ్గఱకు తీసికొనిపోవలెను" అన్నది. "మీ యిష్టము" అను మాట ఈసారి రాలేదు.

మఱునా డుదయము రేవువైపు నడచితిమి. పడవలు ఒడ్డుకు వచ్చుచుండెను. వలలు దులుపువారు, చేపలు వేఱుచేయువారు, బేరములాడువారు, పిల్లలు, కాకులు, అంతయు నొక సంత. బేరములన్నియు స్త్రీలవే, లెక్క వారి నోటిమీదనే నడచును. ధనుర్మాసము గావున మత్స్యకారుల వాడలోను వాకిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు వెలసినవి. ఒక గుమ్మములో చిన్నపిల్ల ముగ్గులో ఓడ బొమ్మ వేయుచుండెను. ఆ పూట భోజనము చేసి, తగరపువలస త్రోవను ఇల్లు చేరితిమి.

పోదలచినవారికి కొన్ని మాటలు. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఈ ప్రయాణమునకు అనువైన కాలము. ఎండ బాధ యుండదు. విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డు త్రోవను బస్సులు పోవుచున్నవి, సొంతబండి అక్కఱలేదు. పోవునపుడు కుడిప్రక్క కిటికీదగ్గఱ కూర్చున్నచో సముద్రము కనబడును. కొండ ఎక్కుటకు పాత చెప్పులు, నీళ్లసీసా, పలుచని శాలువ చాలును. ఈ తీరమున అలలు లోపలికి లాగును గనుక, ఎంత నెమ్మదిగ కనబడినను, మోకాలి లోతు దాటి దిగరాదు. పిల్లల చేయి విడువరాదు. గోరీలమీద కూర్చుండుట, వానిపై పేర్లు గీయుట కూడదు. వీలైనచో నాలుగు పువ్వులు తీసికొనిపొండు. వానిలో కొన్ని సముద్రమునను విడువుడు.

ఇంకొక మాట. పిల్లలు దూరదేశములకు పోయిన యిండ్లు నేడు మన తెలుగునాట లెక్కకు మిక్కిలిగ నున్నవి. ఆ యిండ్లలో మిగిలిన భార్యాభర్తలు ఒకరి మొగ మొకరు చూచుకొని మాటలాడుట మఱచిపోవుచున్నారు. వారికి ఔషధములకంటె ముందు ఇట్టి రెండు రాత్రుల ప్రయాణము కావలెను. ప్రతి జిల్లాలోను నూఱు కిలోమీటర్లలోపల ఏదో యొక పాతయూరు, కోట, రేవు, గుహ యుండకపోదు. చెఱకు నఱుకు కొంచె మాగినను నష్టము లేదు. మేము తిరిగి వచ్చునప్పటికి మా చెఱకు పొలములోనే యున్నది, ఇల్లు యథాస్థానముననే యున్నది. మేస్త్రీకి మాత్రము ఆ సాయంకాలమే కబురు పంపితిమి.